వరిమడిలోని మిత్రజీవులు

సూర్యాపేట చుట్టుపట్ల మూసీ కాలువల క్రిందను, మిర్యాలగూడ, కోదాడ వైపున నాగార్జునసాగరపు ఎడమ కాలువ క్రిందను వరి సాగుచేయువారికి పాముపొడ తెగులు క్రొత్తది కాదు. పైరు పిలకలు తొడిగిన దినములలో దుబ్బును చేత విడదీసి చూచినచో, నీటిమట్టమునకు కొంచెము పైగా ఆకుతొడుగులపై పాము ఒంటి పొడలవంటి మచ్చలు కనబడును. 1967లో సాగరు కాలువలకు నీరు వదలినది మొదలు ఈ భూములలో వరి మీద వరి వేయుచున్నాము, ఒత్తుగా నాటుచున్నాము, యూరియా దండిగా చల్లుచున్నాము. ఈ మూడును మనకెంత ప్రీతియో తెగులునకును అంత ప్రీతి.

దీనికి మూలము రైజోక్టోనియా సోలాని అను శిలీంధ్రము. కోతల పిమ్మట ఇది ఆవగింజలవంటి గట్టి ముద్దలుగా మారి మన్నులోను, మోళ్ళలోను దాగియుండును. దమ్ము చేయునప్పుడు ఆ ముద్దలు నీటిపై తేలివచ్చి పిలకల కంటుకొనును. మనము మందు కొట్టునది ఆకుపైన. శత్రువు కాపురము మన్నులోన. దీనిని పూర్తిగా తట్టుకొను వరి వంగడము ఇంతవరకు లభింపలేదు.

అయితే ఈ శత్రువునకును శత్రువులు కలవు. ట్రైకోడెర్మా అను ఆకుపచ్చని బూజు ఈ రైజోక్టోనియా పోగులను చుట్టుకొని హరించుటను వైండ్లింగ్ అను శాస్త్రజ్ఞుడు 1932లో వెల్లడించెను. బ్రెజిల్ దేశపు బహియా ప్రాంతమున కోకోచెట్ల కొమ్మలను చీపురుకట్టలవలె మార్చి చంపిన తెగులుపై కూడ ట్రైకోడెర్మా జాతినే ప్రయోగించిరి. కాని దీనికి గాలి కావలెను. నీరు నిలిచిన మడిలో దీనినుండి ఫలితము కోరుట చేపను గట్టుపై పెంచబోవుటయే. మన నల్లగొండ బత్తాయి తోటలలో వేరుకుళ్ళునకు ఇది తగును. చివికిన పశువుల ఎరువు 90 కిలోలు, వేపపిండి 10 కిలోలు, ట్రైకోడెర్మా పొడి 2 కిలోలు కలిపి, నీరు చిలకరించి, నీడలో గోనెపట్టా కప్పి వారము పదిదినము లుంచినచో బూజు అల్లుకొనును. అప్పుడు పాదులలో వేయవలెను.

వరికి తగిన చెలికాడు సూడోమోనాస్ ఫ్లోరిసెన్స్ అను బాక్టీరియా. ఇది వేళ్ళచుట్టు కాపురముండి, అచ్చటి ఇనుమును తానే గ్రహించి శత్రువును పస్తుంచును. మొక్కకు ముందుగనే ఎదురుకొను శక్తి నిచ్చును. కిలో విత్తనమునకు 10 గ్రాముల పొడి పట్టించవలెను. నాటుటకు ముందు నారు వేళ్ళను ఆ పొడి కలిపిన నీటిలో ముంచుట మరియు మేలు.

ఇచ్చట మా పొరపాటొకటి చెప్పుకొనవలెను. ఒక వానాకాలమున ఒక రైతుచేత ఈ పొడిని మేమే వాడించితిమి. ఆ పొట్లము వేసవి అంతయు ఒక దుకాణపు రేకుల కప్పు క్రింద నున్నది. దానిపై తేదీని మేము చూడలేదు. తెగులు వచ్చెను. "మీ మందు పండుకున్నదా సారూ?" అని ఆయన అడిగెను. అది పండుకొనలేదు, చచ్చిపోయినది. నష్టము ఆయనది, మాకు మిగిలినది సిగ్గు. పురుగుమందు డబ్బా అటకపై పడియున్నను పనిచేయవచ్చును, ఇది ప్రాణి. ఎండ తగులరాదు. తయారైన నాలుగు నెలలలో వాడుట మంచిది. రాగి మందులతో కలుపరాదు.

మచ్చలు దుబ్బంతయు ప్రాకిన పిదప దీనిని నమ్ముకొని కూర్చుండుటయు తగదు. అప్పుడు వాలిడామైసిన్ వంటి మందు తప్పదు. విచిత్రమేమన, అదియు జపానులో ఒక మన్నుజీవినుండి తీసినదే!

గడ్డిపల్లి, కంపాసాగర్ కృషివిజ్ఞాన కేంద్రములవారిని అడిగి, ఈ యాసంగిలో ఒక్క మడికి మాత్రము విత్తనశుద్ధి చేసి, ప్రక్కమడిని మామూలుగా వదలి చూడుడు. రెండింటికిని యూరియా ఒకే కొలతన వేయుడు. పిలకల దశలో రెండు మడులలోను దుబ్బులు విడదీసి, మచ్చలున్న పిలకలను లెక్కపెట్టుడు.