దిగిపొమ్మనేది ఎవరు? దిగాల్సింది ఎప్పుడు?

(ఉపాధ్యాయ మిత్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



అమెరికాలో అధ్యక్ష పదవికి పార్టీ టికెట్ మన దగ్గరలాగా అధిష్ఠానం చేతిలోంచి బీ-ఫారంగా ఊడిపడదు. ఒక్కో రాష్ట్రంలో జనం ఓట్లేసి ప్రతినిధుల్ని తేలుస్తారు. నెలల తరబడి సాగే పని ఇది. మధ్యలో ఎవరైనా వెనకబడితే చాలు, ఒక నీతి మొదలవుతుంది. "ఎలాగూ ఓడిపోతావు, పార్టీని చీల్చకు, తప్పుకో" అంటారు. ఈ నీతి ఎవరికి లాభమో చూద్దాం.

1988లో డెమోక్రటిక్ పార్టీ టికెట్ కోసం జెస్సీ జాక్సన్ నిలబడ్డాడు. నల్లజాతి పాస్టరు. మార్టిన్ లూథర్ కింగ్‌తో కలిసి పనిచేసినవాడు. మార్చిలో మిషిగన్ గెలిచేసరికి పార్టీ పెద్దలకు చెమటలు పట్టాయి. ఏప్రిల్‌లో విస్కాన్సిన్ పోయింది, న్యూయార్క్ పోయింది. జూన్‌లో డుకాకిస్‌కు మెజారిటీ వచ్చేసింది. అయినా జాక్సన్ జులైలో అట్లాంటా మహాసభ దాకా నిలబడ్డాడు. 70 లక్షలకు దగ్గరగా ఓట్లు, 1,200 మందికి పైగా ప్రతినిధులు ఆయన వెనకున్నారు. "ఇంతకీ జాక్సన్‌కు ఏం కావాలి?" అని పత్రికలు ఒకటే గోల.

ఏం కావాలి? ఉపాధ్యక్ష స్థానం ఆశించాడు, ఇవ్వలేదు. కానీ ఒక రూలు సాధించాడు. అప్పట్లో కొన్ని రాష్ట్రాల్లో ముందున్నవాడికి ఓట్ల వాటాను మించి ప్రతినిధుల్ని కట్టబెట్టేవారు. ఇకమీదట ఎవరి ఓట్లను బట్టి వాళ్ళకు వాటా రావాలని పార్టీ చేత ఒప్పించాడు.

ఇరవై ఏళ్ళు గడిచాయి. 2008 ఫిబ్రవరి 5న హిల్లరీ క్లింటన్ కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీ గెలిచింది. గెలిచినవాళ్ళకే మొత్తం అనే పద్ధతి ఉంటే ఒబామా పని అక్కడే చిక్కుల్లో పడేది. వాటా రూలు ఉంది గనక ఓడిన చోట కూడా ఆయనకు ప్రతినిధులు దక్కారు. ఓడినవాడు తెచ్చిన రూలు మరో నల్లవాడికి మెట్టయింది!

అదే ఏడు హిల్లరీని కూడా మార్చి నుంచే తప్పుకోమన్నారు. ఆమె వినలేదు. జూన్ 3న చివరి రాష్ట్రాల ఓటు కూడా అయ్యింది, ఒబామాకు మెజారిటీ వచ్చింది. జూన్ 7న ఓటమి ఒప్పుకుని ఆయనకు మద్దతు చెప్పింది. పార్టీ చీలిందా? నవంబర్‌లో గెలిచింది.

మరి ఎప్పుడూ దిగొద్దంటారా అని అడుగుతారు. కాదు. 1980లో టెడ్ కెన్నెడీ సంగతి చూడండి. కార్టర్‌కు మెజారిటీ ఉంది. అయినా కెన్నెడీ ఆగస్టు మహాసభ దాకా లాగాడు. జనం పంపిన ప్రతినిధులు ఆ తీర్పుకు కట్టుబడక్కర్లేదని రూలు మార్చమన్నాడు. సభ ఒప్పుకోలేదు. నవంబర్‌లో కార్టర్ ఓడిపోయాడు. ధరలూ, ఇరాన్‌లో బందీలూ అసలు కారణాలే కావచ్చు, ఇంటి పోరు మాత్రం మేలు చెయ్యలేదు.

తేడా గమనించండి. జాక్సన్ వచ్చే ఎన్నికల రూలు మార్చమన్నాడు. కెన్నెడీ పడిన ఓటునే వదిలించమన్నాడు.

కాబట్టి నేను చెప్పేది ఇంతే. చివరి రాష్ట్రం ఓటరు కూడా ఓటరే. అతని వంతు రాకముందే దిగిపొమ్మనే హక్కు ఎవరికీ లేదు. లెక్క తేలాక మాత్రం ఆ లెక్కను కాదనే హక్కు మనకీ లేదు. దిగేటప్పుడు ఉత్త చేతులతో దిగొద్దు. పదవి అడిగితే ఒక్కడికే వస్తుంది. రూలు అడిగితే వెనకొచ్చే వాళ్ళందరికీ వస్తుంది.

జై భీమ్!