కచేరీకి వెల

గోదావరి జిల్లాలలో కోతలు ముగిసి, ధాన్యం గాదెలకు చేరిన తరువాత ఊరూరా పందిళ్ళు వేసే ఆచారం చిరకాలంగా ఉన్నది. హరికథ కానివ్వండి, బుర్రకథ కానివ్వండి, పద్యనాటకం కానివ్వండి, ఆ పందిటిలో చాప పరచుకొని కూర్చున్నవారిని "నీవెంత ఇచ్చావు?" అని అడిగినవారు లేరు. అటువంటి ప్రాంతంలో నేడు నలుగురు చేరి సంగీతం ముచ్చట ఎత్తితే, రాగం ప్రసక్తికి ముందు టిక్కెట్టు ప్రసక్తి వస్తున్నది.

మొన్న ఒక సాయంకాలం మా వీధిలోని ఉపాధ్యాయులొకరు నాతో అన్నారు: "ఇంటిల్లిపాదీ పాటకచేరీకి వెళ్ళాలంటే ముందు నెలసరుకుల లెక్క చూచుకోవలసి వస్తున్నదండీ. దానికన్న ఇంట్లో కూర్చుని రేడియో పెట్టుకోవడం మేలు కదా!" నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. రేడియో ముందు కూర్చున్న మీతో రేడియో వద్దని చెప్పే సాహసం నాకు ఇప్పుడూ లేదు. కాని ఆయన మాటలో న్యాయమెంత, పొరపాటు ఎంత అన్నది కాస్త విచారించవలసి ఉన్నది.

మొదటి ప్రశ్న ఇది. పూర్వం మనం ఉచితంగా విన్నామని అనుకొంటున్న సంగీతం నిజంగా ఉచితమేనా? 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి అయిన తరువాత ఈ డెల్టాలో పంటలు స్థిరపడినవి, సంపద పెరిగినది. ఆ సంపదలో కొంత సంగీత సాహిత్యాల పోషణకు మళ్ళినది. పిఠాపుర సంస్థానంలో తుమరాడ సంగమేశ్వరశాస్త్రిగారి వీణ మ్రోగినదంటే, దాని వెనుక మహారాజావారి ఔదార్యం ఉన్నది. ఆ ఔదార్యం వెనుక రైతు చెల్లించిన శిస్తు కూడా ఉన్నది. శ్రోత ఇవ్వకపోవచ్చును, రైతు ఇచ్చాడు. 1948 నాటి చట్టంతో మద్రాసు రాష్ట్రంలో ఎస్టేటులు రద్దయినవి. ఆ సంస్కరణ రైతుకు న్యాయం. కాని అంతవరకు విద్వాంసునికి అండగా ఉన్న చేయి తొలగిపోయినది. ఆ చేతికి బదులు మరొక చేయి కావలసివచ్చినది.

ఆ మరొక చేయి అప్పటికే తయారై ఉన్నది. అదే గానసభ. ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలోనే కాకినాడలో శ్రీ సరస్వతీ గానసభ వెలసినది. దసరా ఉత్సవాలలో దక్షిణాది మహావిద్వాంసులను పిలిపించి ఆ పట్టణపు ప్రజలకు వినిపించినది. సూర్యకళామందిరం వంటి సొంత వేదికను ఏర్పరచుకొన్నది. గానసభ పద్ధతి చాలా తేలిక అయినది. ఒక్క ప్రభువు మోసే బరువును వందమంది గృహస్థులు పంచుకోవడం. వకీలు, వర్తకుడు, ఉపాధ్యాయుడు, మోతుబరి రైతు సంవత్సరానికి ఇంత అని చందా కట్టుతారు. ఎవరు పాడినా సరే వచ్చి కూర్చుంటారు. ఇందులోని మేలు గమనించండి. పేరున్న విద్వాంసుని కచేరీ పేరులేని యువకుని కచేరీని మోస్తుంది. చందా కట్టినవాడు సంగీతానికి కడుతున్నాడే గాని, ఒక్క గాయకునికి కట్టడం లేదు.

నాటకరంగం దీనికి భిన్నమైన దారి త్రొక్కినది. రాజమహేంద్రవరంలో వీరేశలింగంగారు నాటకం ఆడించినది 1880లో. ఆ తరువాత చిలకమర్తివారి గయోపాఖ్యానం వంటి నాటకాలు ఊరూరా ఆడినవి. నేల, బెంచీ, కుర్చీ అని తరగతులు ఏర్పడినవి. నేల టిక్కెట్టువాడే ఆ నాటకాలకు ప్రాణం. కొంతకాలానికి కంట్రాక్టు నాటకాలు వచ్చినవి. ఒక ఊరి కృష్ణుణ్ణి, మరొక ఊరి అర్జునుణ్ణి, వేరొక ఊరి సత్యభామను కంట్రాక్టరు ఒకే రాత్రికి ఒకే వేదికమీదికి తెచ్చేవాడు. పద్యం పాడే పెద్ద నటునికి పెద్ద సొమ్ము. ద్వారపాలకునికి, హార్మోనియం వాయించేవానికి మిగిలినది. పేర్లు పెరిగినకొద్దీ కుర్చీ వెల పెరిగినది. నేడు మనం ఫిర్యాదు చేస్తున్న వ్యవహారానికి బీజం అక్కడే ఉన్నది. కచేరీని గాక పేరును అమ్మడం మనకు క్రొత్త కాదు.

1948 డిసెంబరు 1న విజయవాడ రేడియో కేంద్రం ప్రారంభమైనది. 1952లో సంగీతపు జాతీయ కార్యక్రమం మొదలైనది. కోనసీమలోని శంకరగుప్తంలో జన్మించిన మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు విజయవాడ కేంద్రంలో పనిచేస్తున్న కాలంలో భక్తిరంజని వేకువనే ఇంటింటా వినిపించినది. రేడియో రాకతో గానసభలు ఖాళీ అవుతవని భయపడినవారున్నారు. అలా జరుగలేదు. రేడియోలో విని, "ఈయనను ఎదుట కూర్చుండి వినాలి" అని బయలుదేరినవారు ఎందరో ఉన్నారు. రేడియో ఆకలిని కలిగించినది. ఆ ఆకలి తీర్చవలసిన పని గానసభది. ఈ సంగతి మా ఉపాధ్యాయులకు నేను ఆనాడే చెప్పవలసినది.

అయితే వెలలు ఎందుకు పెరుగుతున్నవి? ఆశ ఒక కారణమే కాని, అదొక్కటే కాదు. 1966లో విలియం బౌమొల్, విలియం బోవెన్ అనే ఇద్దరు అమెరికా ఆర్థికశాస్త్రవేత్తలు ప్రదర్శనకళల ఆదాయవ్యయాలను పరిశీలించి ఒక గ్రంథం ప్రకటించారు. వారి సిద్ధాంతాన్ని మన భాషలో చెప్పుకొందాం. వరిపొలంలో యంత్రం వచ్చినది. పదిమంది పది రోజులు చేసే కోత పూటలో ముగుస్తున్నది. మిల్లులో, కార్యాలయంలో అలాగే. కాని త్యాగరాజస్వామి పంచరత్నాలు పాడడానికి ఆయన నాడు ఎంతసేపు పట్టినదో నేడూ అంతసేపే పట్టుతుంది. గాయకుడు, వయొలిన్, మృదంగం, తంబురా — నలుగురు కావలసినచోట ఇద్దరితో సరిపెట్టలేము. త్వరగా పాడి మిగిల్చిన కాలం లాభం కాదు. మృదంగ విద్వాంసుడు మాత్రం మనతోపాటు నేటి ధరకే బియ్యం కొంటున్నాడు, నేటి అద్దెకే ఇల్లు తీసుకొంటున్నాడు. తక్కిన వృత్తులలో జీతాలు పెరిగినప్పుడు అతని ప్రతిఫలమూ పెరగాలి. పని మాత్రం తగ్గదు. కనుక సంగీతం వెల తక్కిన వస్తువుల వెలకన్న ముందు నడవడం వింత కాదు.

రెండవ కారణం ఇటీవలిది. ఒకప్పుడు గ్రామఫోను రికార్డులు, తరువాత క్యాసెట్లు, గాయకునికి కొంత ఆదాయం తెచ్చేవి. ఇంటర్నెట్టు వచ్చిన తరువాత పాట కొళాయి నీటివలె ప్రవహిస్తుందనీ, ప్రదర్శనలే గాయకునికి మిగులుతవనీ ఆంగ్ల గాయకుడు డేవిడ్ బౌవీ 2002లోనే ఊహించాడు. అదే జరిగినది. వినికిడి చౌక అయినకొద్దీ ఎదుట కూర్చుని వినడం ప్రియమైనది. 2025 జనవరిలో నవీ ముంబయిలో కోల్డ్‌ప్లే అనే బ్రిటిష్ బృందం కచేరీలు జరిగినవి. టిక్కెట్టు వెలలు 2,500 రూపాయలతో మొదలై 35,000 వరకు ఉన్నవి. అవి దొరకనివారిని మారుబేరగాళ్ళు లక్షలు అడిగినట్లు పత్రికలు వ్రాసినవి. అక్కడ పెరిగిన సొమ్ము గాయకునికీ పోలేదు, వాద్యగానికీ పోలేదు. టిక్కెట్టును దాచి అమ్మినవానికి పోయినది. వెల పెరగడంలో న్యాయమైన భాగం వేరు, అన్యాయమైన భాగం వేరు అని మనం విడదీసి చూడాలి.

మన పట్టణాల సంగతికి వద్దాము. ఉదాహరణకు ఒక లెక్క వేసుకొందాం. ఒక కచేరీకి విద్వాంసుల సన్మానం, ప్రయాణాలు, హాలు అద్దె, మైకు, దీపాలు అన్నీ కలిపి లక్షాయాభైవేలు అయినదనుకోండి. హాలులో 500 కుర్చీలున్నవి. అన్నీ నిండితే తలకు 300 రూపాయలు. రెండువందలమందే వస్తే తలకు 750. విద్వాంసుడు ఒక్క రూపాయి ఎక్కువ అడుగలేదు. అయినా వెల రెండున్నర రెట్లు అయినది. పెంచినది ఎవరు? రాని మూడువందలమంది. ఇంకొక సంగతి. 1939లో మద్రాసు రాష్ట్రంలో వినోదపు పన్ను చట్టం వచ్చినది. 2017లో వస్తుసేవల పన్ను అమలులోకి వచ్చినది. 2018 జనవరి నుండి తలకు 500 రూపాయలకు మించని సంగీత, నాటక ప్రదర్శనల ప్రవేశానికి ఈ పన్ను మినహాయింపు ఉన్నది. మన లెక్కలో 300 రూపాయల టిక్కెట్టుకు పన్ను లేదు. 750 అయినప్పుడు పన్ను వచ్చి చేరుతుంది. అంటే ఖాళీ కుర్చీ రెండుసార్లు మనవద్ద వసూలు చేస్తున్నది.

కనుక వెల తగ్గించమని నిర్వాహకులను కోరేముందు ఒకటి గుర్తుంచుకోవాలి. చౌకదనం కోసం పక్కవాద్యాలవారిని అర్ధాకలితో ఇంటికి పంపే కచేరీ పుణ్యకార్యం కాదు. అలాగని, డబ్బున్నవాడే సంగీతం వినవలెననే ఏర్పాటూ మనకు తగదు. ఈ రెండింటి నడుమ దారి ఉన్నదా? ఉన్నది, ఇతరులు నడిచి చూపినదే.

1895లో లండనులో రాబర్ట్ న్యూమన్, హెన్రీ వుడ్ అనేవారు ప్రామినేడ్ కచేరీలు ప్రారంభించారు. నిలబడి వినేవారికి ఒక్క షిల్లింగు వెల. 1927లో వాటి భారాన్ని బి.బి.సి. రేడియో సంస్థ స్వీకరించినది. నేటికీ ఆ కచేరీలలో నిలబడి వినేవారికి తక్కువ వెల టిక్కెట్లు ఉన్నవి. ముందు వరుసలో నిలిచేది వారే! చెన్నపట్టణంలో మార్గశిర ఉత్సవాలలో పెక్కు సభలు మధ్యాహ్నపు కచేరీలను ఉచితంగా వినిపిస్తున్నవి. యువ విద్వాంసులకు వేదిక, పేద శ్రోతకు ప్రవేశం, రెండూ ఒకేసారి దొరుకుతున్నవి. సాయంకాలపు టిక్కెట్టు ఆ మధ్యాహ్నాన్ని మోస్తున్నది. మనవారి పాత చందా సూత్రమే ఇది.

మన రాజమహేంద్రవరం, కాకినాడ, అమలాపురం, భీమవరం పట్టణాలలో కచేరీలు చేసేవారికి నా విన్నపం ఇది. ముందు వరుసలకు ఎంత వెల అయినా పెట్టండి, పెట్టగలవారు పెడతారు. కాని ప్రతి హాలులో కొన్ని వరుసలు విద్యార్థులకు, స్వల్పాదాయం కలవారికి నామమాత్రపు వెలకు ఉంచండి. వాటిని చిట్టచివర గాక వేదికకు ఒక ప్రక్కగా దగ్గరలో ఉంచండి. పక్కవాద్యాలవారి సన్మానం ముందు నిర్ణయించి, తరువాత తక్కిన ఖర్చులు చూడండి. పూలమాలలకు, ఉపన్యాసాలకు, రంగుదీపాలకు అయ్యే వ్యయంలో కొంత తగ్గినా శ్రుతి తగ్గదు.

ఇక శ్రోతలకు ఒక మాట. ద్రాక్షారామంలో ఈమని శంకరశాస్త్రిగారు, కాకినాడలో చిట్టిబాబుగారు జన్మించిన నేల ఇది. వీణ మెట్లమీద వ్రేళ్ళు ఎట్లా జారుతవో, మృదంగం ముక్తాయింపుకు వచ్చేముందు గాయకుని చూపు ఎటు తిరుగుతుందో, తప్పిన స్వరాన్ని విద్వాంసుడు చిరునవ్వుతో ఎట్లా దిద్దుకొంటాడో పిల్లవాడు కళ్ళతో చూడాలి. అది చూడనివాడు మంచి శ్రోత కావచ్చును. విద్యార్థి కావడం కష్టం. ఆ పిల్లవాడు వెల చూచి గుమ్మంలోనే వెనుదిరిగితే నష్టం ఆ సాయంకాలపు వసూలుకు మాత్రమే కాదు. ఇరవై సంవత్సరాల తరువాతి వేదికకు.

మా ఉపాధ్యాయులకు నేను తరువాత ఈ సమాధానం చెప్పాను: "రేడియో పెట్టుకోండి, మానవద్దు. సంవత్సరంలో ఒక్క గానసభకు మాత్రం సభ్యులుగా చేరండి. పెద్ద పేరు లేని కచేరీకి అబ్బాయిని తీసుకొని వెళ్ళండి." ఆయన నవ్వి, "సభ్యత్వం చందా ఎంతండీ?" అన్నారు. అడిగి తెలుసుకొందామని ఇద్దరం కలిసే బయలుదేరాము. వెల గురించి విసుగుకొనే మాటకన్న, వెల అడిగి లోపలికి వెళ్ళే అడుగు మంచిదని నా అభిప్రాయం.