వీణానాదము – కంప్రెసర్ యంత్రము



పగలెల్ల దస్త్రముల నడుమ గడపు మనకు సాయంకాలము సంగీతము వినుట గొప్ప ఊరట. కాని రికార్డుపై వినబడు సంగీతము కళాకారుని నుండి మన చెవికి చేరులోపల తరచుగా ఒక యంత్రము గుండా వచ్చుచున్నదని పలువురికి తెలియదు. దానినే కంప్రెసర్ అందురు. దానిని గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను.

వీణనే ఉదాహరణముగా తీసికొందము. ద్రాక్షారామమున జన్మించి, ఈ ఢిల్లీ ఆకాశవాణిలో వాద్యబృందమును నడపిన ఈమని శంకరశాస్త్రిగారి వాద్యమది. తంత్రిని మీటిన క్షణమున నాదము ఒక్కసారిగా లేచును. పిదప క్రమముగా సన్నగిల్లును. ఆ సన్నగిల్లు నాదమునందే వైణికుడు తీగను లాగి గమకము పలికించును. అనగా మీటు బిగ్గరగా నుండును. రాగమునకు ప్రాణమైన గమకము మెల్లగా నుండును. సభలో మన చెవి రెంటిని సర్దుకొనును. పాతకాలపు టేపునకు, మీడియంవేవ్ ప్రసారమునకు అంతటి శక్తి లేదు. మీటునకు తగినట్లు స్థాయి నుంచినచో గమకము బుసలో మునుగును. గమకమునకు తగినట్లు పెంచినచో మీటు పగులును.

మొదట ఇంజనీరు చేతితో మీటను త్రిప్పుచు ధ్వనిని సర్దెడివాడు. ఆ పనిని తనంతట తాను చేయు యంత్రములు 1930ల దశాబ్దమున రేడియో కేంద్రములకు వచ్చినవి. వాని సూత్రము సులభము. ధ్వనికి ఒక గడప నిర్ణయింతురు. గడప దాటనంతవరకు యంత్రము జోక్యము కలిగించుకొనదు. దాటినచో అణచును. నాలుగింటికొకటి అను నిష్పత్తి పెట్టినచో, గడపకు మించి 8 డెసిబెల్లులు లేచిన ధ్వని 2 డెసిబెల్లులే లేచును. పిదప మొత్తమును కొంత పెంచినచో మెల్లని గమకము స్పష్టముగా వినవచ్చును.

ఈ అణచు పనిని కొన్ని యంత్రములలో వాల్వులు చేయును. 1967లో వచ్చిన 1176 అను యంత్రములో ట్రాన్సిస్టరు చేయును. 1960ల దశాబ్దమున అమెరికాలో జేమ్స్ లారెన్స్ రూపొందించిన ఎల్ఏ-2ఏలో వెలుగే చేయును. ధ్వని హెచ్చినకొలది లోపలి పలక ప్రకాశించును. దానికెదురుగా నున్న కాంతిగ్రాహక పదార్థముపై వెలుగు పడగా దాని నిరోధము తగ్గి, ధ్వనిలో కొంత భాగమును ప్రక్కకు మళ్లించును.

అసలు నేర్పు కాలమునందున్నది. ఎల్ఏ-2ఏ పట్టుకొనుటకు సుమారు 10 మిల్లీసెకండ్లు పట్టును. ఆలోగా మీటు మొన తప్పించుకొని పోవును. అందుచే నాదము సహజముగా తోచును. విడుచునప్పుడు సగము త్వరగాను, మిగిలినది మెల్లగాను విడుచును. 1176 సెకండులో వేయవవంతుకంటె తక్కువ కాలములోనే పట్టగలదు. దానిని వీణపై మితిమీరి ప్రయోగించినచో మీటు మొన అరిగిపోవును. త్వరగా విడిచినచో మీటునకు మీటునకు నడుమ తంబురా శ్రుతి కొలిమితిత్తివలె ఉబ్బును.

నా తప్పు నొకటి ఇచట ఒప్పుకొనవలెను. మా బంధువులలో ఒక వృద్ధురాలు చక్కగా వీణ వాయించెడివారు. వారి వాదనమును నేను స్వయముగా రికార్డు చేయుచు, బాగుగా వినబడవలెనను ఆశతో కంప్రెసరును అప్పుడే గట్టిగా బిగించితిని. విని ఆమె, "అంతయు వినబడుచున్నది నాయనా, కాని నా చేయి ఏది?" అనిరి. మరల వాయింపించెదనను కొంటిని. ఆ అవకాశము రాలేదు. ఇప్పుడు మిగిలినది ఆ అణగిన ప్రతియే. ఎంత నేర్పుగల ఇంజనీరైనను పోయిన మీటును యథాతథముగా తిరిగి తేజాలడు.

నేడు ఈ యంత్రముల పోకడలను కంప్యూటరు ప్రోగ్రాములు అనుకరించుచున్నవి. చేతిలోని ఫోనులు సయితము అనేకము మనల నడుగకయే ధ్వనిని సర్దుచున్నవి. కావున నా మనవి యొక్కటే. మీ ఇండ్లలో పెద్దల పాట, మంగళహారతి, వీణ రికార్డు చేయునప్పుడు స్థాయిని కొంత తక్కువగా నుంచి, ఏ సర్దుబాటును లేని మూలప్రతిని ముందు భద్రపరచుడు. కంప్రెసరును నకలుపై ఎన్నిమారులైనను ప్రయోగింపవచ్చును. నకలు చెడినచో మరియొకటి తీయవచ్చును; మూలము చెడినచో మనకు మిగులునది ధ్వనియే కాని, చేయి కాదు.