మత్తుపదార్థముల పరికరములు - శాసనము చెప్పు లక్షణము



మా వేంపల్లెకు దాపున, పాపాఘ్ని నది కొండలను చీల్చుకొని వచ్చు చోటికి గండి యని పేరు. అచ్చటి యాంజనేయస్వామికి శ్రావణమాసపు శనివారములందు తిరునాళ జరుగును. చుట్టుపట్ల యూళ్ల కుమ్మరులు ముంతలు, మూకుళ్లు, ప్రమిదలు, పిల్లలు డబ్బులు దాచుకొను మట్టిహుండీలు తట్టలకెత్తి తెచ్చి యమ్ముదురు. పూర్వము ఆ తట్టలలో నొక ప్రక్కను చిలుములును కనబడుచుండెను. చిలుము నెఱుగని పట్టణవాసులకొఱకు చెప్పుచున్నాను: అది జేనెడు కంటె పొట్టిదై, ఒకవైపు వెడల్పును ఒకవైపు సన్నమును గల మట్టిగొట్టము. వెడల్పు వైపున పొగాకు కూరి, నిప్పుపెట్టి, సన్నని కొనకు తడిగుడ్డ చుట్టి పొగ పీల్చుదురు. మడక విడిచి వచ్చిన ముసలి రైతు దానిలో పొగాకు త్రాగును. కొండదారిని పోవు బైరాగి దానిలోనే గంజాయి త్రాగును. గొట్టమున కీ భేదము తెలియదు.

1996లో అట్టి యొక శనివారమున, సారె త్రిప్పి బ్రతుకు నా పూర్వశిష్యుని తట్టను ఒక జవాను పట్టుకొనెను. శిష్యుడు నాకొఱకు పిల్లవానిని పంపెను. నేను పోవునప్పటికి చిలుములు వేఱుగా నేలపై కుప్పపోసి యున్నవి. నలువదికి తక్కువ లేవు. "ఇవి దేనికి పనికొస్తాయో నీకు తెలీదా?" అని జవాను గద్దించుచుండెను. "పొగాకు తాగేవాళ్లూ ఉండారు, గంజాయి తాగేవాళ్లూ ఉండారు సామీ. నేను ఒక్కొక్కరినీ అడిగి అమ్మేదానికి అయితాదా?" అని వీడు. అంతలో నన్ను చూచి, "అయ్యవారూ, నేను మన్నమ్మితి గాని గంజాయి అమ్మితినా?" అనెను. నా మాటకు విలువనిచ్చి వానిని విడిచిపెట్టిరి. పంచనామా లేదు, కేసు లేదు. కాని చిలుములన్నియు బూటుకాలి క్రింద పెంకులయ్యెను. వాని నెలదినముల కష్టము అందు పోయినది.

వాడడిగిన ప్రశ్నకు ఆ దినమున నాయొద్ద జవాబు లేకుండెను. వ్యాకరణమును, కొంత తర్కమును చెప్పుకొని బ్రతికినవాడనే గాని శాసనములతో నాకు పరిచయము లేదు. తరువాత కడపలో నొక వకీలు మిత్రుని వద్ద గ్రంథములు తెచ్చుకొని చదివితిని. అందు తెలిసినదానినే నేడు మనవి చేయుచున్నాను.

తర్కశాస్త్రమున లక్షణమునకు మూడు దోషములు చెప్పబడినవి. "కపిలవర్ణము గలది యావు" అన్నచో తెల్లయావు విడిచిపోవును, ఇది అవ్యాప్తి. "కొమ్ములు గలది యావు" అన్నచో ఎనుములును మేకలును వచ్చి చేరును, ఇది అతివ్యాప్తి. "ఒంటిగిట్ట గలది యావు" అన్నచో లోకమున నొక్క యావును చిక్కదు, ఇది అసంభవము. ఇక మన వస్తువునకు వత్తము. "మత్తుపదార్థమునకు పనికివచ్చునది మత్తు పరికరము" అన్నచో చిలుము మాత్రమే యేల? అగ్గిపెట్టె, చుట్టకాగితము, అంగడివాని త్రాసు, వంటయింటి చెంచా, వైద్యుని సూది, అన్నియు ఆ మాటలో పడును. "మత్తుపదార్థమునకు మాత్రమే పనికివచ్చునది" అన్నచో ఒక్కటియు పడదు; ఎంత వింత గొట్టముతోనైనను పొగాకు త్రాగవచ్చును గదా. ఆవునకు గంగడోలున్నట్లు ఈ పరికరములకు చూచినంతనే తెలియు గుఱుతు లేదు. ఉన్న గుఱుతు వస్తువునందు గాక వాడువాని మనస్సునందున్నది. మనస్సును కొలుచుటకు ఏ జవాను చేతను త్రాసు లేదు.

మన దేశమున నీ విషయమునకు ముఖ్యమైనది 1985వ సంవత్సరపు మాదకద్రవ్యముల శాసనము, పత్రికలవారు ఎన్.డి.పి.ఎస్. చట్టమని వ్రాయునది ఇదియే. ద్రవ్యములను నిర్వచించుటలో ఈ శాసనము మిక్కిలి జాగ్రత్త గలది. గంజాయి యనగా ఆ మొక్క యొక్క పూతయు కాయయు గల కొనలు మాత్రమే. కొనలతో కూడక వేఱుగా నున్న యాకులును గింజలును గంజాయి యన్న లక్షణమున చేరవు. ఒక నైయాయికుడు ప్రక్కన కూర్చుండి వ్రాయించినట్లున్నది! అయితే ఇట్లు ద్రవ్యమునకు గట్టిగా లక్షణము చెప్పిన శాసనము, ఆ ద్రవ్యమును సేవించు గొట్టమునకు లక్షణమే చెప్పలేదు. మత్తు పరికరమను నిర్వచనమును దానిలో నేను వెదకి వెదకి కానకపోతిని. సేవించుట నేరము, శుభ్రమైన చిలుము నుంచుకొనుట నేరమని యెచ్చటను లేదు.

మఱి పరికరముల మాట అసలు లేదా యనిన, కలదు. 60వ సెక్షనున, నేరము జరిగినప్పుడు ఏ సామగ్రితో, ఏ యంత్రముతో, ఏ పాత్రలతో ఆ నేరము జరిగినదో అవి సర్కారువారు స్వాధీనపఱచుకొనదగినవని యున్నది. అనగా ముందు నేరము, దాని వెంబడి పరికరము. నేరము లేనిచో పరికరము వట్టి మన్ను. ఈ సెక్షనులోనే సరకు మోసిన బండినే గాక జంతువును గూడ పట్టుకొనవచ్చునని యున్నది. తనకు తెలియకుండ జరిగినదనియు, తగిన జాగ్రత్త వహించితి ననియు యజమానుడు ఋజువు చేసికొన్నచో గాడిద తిరిగి వచ్చును. గాడిదకు ఎఱుక యున్నదా లేదా యని శాసనము విచారింపకపోవుట దాని యుదారత.

54వ సెక్షను వేఱు విధమైనది. మాదకద్రవ్యమును తయారుచేయుటకై ప్రత్యేకముగా నిర్మింపబడిన యంత్రము గాని, ప్రత్యేకముగా కూర్చబడిన పాత్రల సమూహము గాని, ఒకనియొద్ద దొఱకి, అది తనయొద్ద నేల యున్నదో వాడు తృప్తికరముగ చెప్పలేకపోయినచో, వాడు నేరము చేసెనని న్యాయస్థానము భావింపవచ్చును. ఇచ్చట రెండు మాటలను గమనింపవలెను. మొదటిది "తయారుచేయుట". చిలుము దేనిని తయారుచేయదు, తయారైనదానిని తగులబెట్టును. కావున నది ఈ సెక్షనునకు దూరము. రెండవది "సమూహము". ఒంటి కుండకు దోషము లేదు. కుండమీద కుండ, దానికొక గొట్టము, క్రింద పొయ్యి, ఇట్టి కూర్పే దోషమును సూచించును. పదములు వేఱువేఱుగా నున్నప్పుడు వాక్యార్థము పుట్టదనియు, ఆకాంక్షతో కలిసినప్పుడే పుట్టుననియు మేము పిల్లలకు చెప్పు పాఠము వంటిదే ఇదియు.

ఈ విధమైన మాటలు మా జిల్లాకు క్రొత్తవి కావు. చెన్నరాజధానిలో రాజగోపాలాచారిగారు ప్రధానిగా నున్నపుడు 1937లో మద్యనిషేధ శాసనమయ్యెను. అది ఆ యేటి అక్టోబరు 1వ తేదీన సేలము జిల్లాలో మొదలయ్యెను. 1938 అక్టోబరు 1వ తేదీన కడప, చిత్తూరు జిల్లాలకు వచ్చెను. కల్లు గీయుటకు గాని సారా కాచుటకు గాని తగిన సామగ్రి, బట్టి, పాత్ర, పనిముట్టు, వీనిలో దేనిని ఉంచుకొన్నను ఆ శాసనమున నేరము. అంతటితో పోలేదు, ఉంచుకొన్నవాడు తగిన కారణము చెప్పలేనిచో, వేఱుగా ఋజువగువఱకు, నేరము చేసినట్లే భావింపవలెనని యందు వ్రాసిరి. ఆ దినములలో ఈడిగవారి యిండ్లలో తాతముత్తాతలనాటి గీతకత్తులు గోడకు వ్రేలాడుచుండెనట. చెట్టెక్కుట మానినను, కన్నబిడ్డవలె సానపట్టి చూచుకొన్న కత్తిని పాఱవేయుటకు చేతులాడునా? కొందఱు బావిలో వేసిరనియు, కొందఱు మేకలకు కొమ్మలు కొట్టు కత్తి యని చెప్పి దాచుకొనిరనియు మా తండ్రిగారు చెప్పగా వింటిని. ఆ కత్తి నిజముగనే కొమ్మలు కొట్టెను. అయినను అడుగ వచ్చినవాని యెదుట, అది కొమ్మల కత్తి యని నమ్మించు భారము కత్తి గలవానిదే యయ్యెను.

1968వ సంవత్సరపు ఆంధ్రప్రదేశ్ ఆబ్కారీ శాసనమునను సారా కాచు సామగ్రిని గూర్చి యిట్టి మాటలే యున్నవి. బెల్లమును తుమ్మచెక్కను నీటిలో పులియబెట్టి, ఆ యూటను బట్టికెక్కించి నాటుసారా దించుట మా సీమలో నెఱుగనివారు లేరు. అందుచే నల్లబెల్లము బస్తాలను పట్టుకొనుటయు, వర్తకులు ఉన్నత న్యాయస్థానమునకు పోవుటయు జరిగెను. బెల్లము పసిబిడ్డలు తినునది, పశువులకు పెట్టునది, రంగు నల్లనైనంత మాత్రమున నది సారాకే యగునా యని వర్తకుల వాదము. బస్తాలు అర్ధరాత్రమున అడవిదారిని ఏల పోవుచున్నవని అధికారుల వాదము. ఇరువురి మాటలోను పస లేకపోలేదు.

ఋజువు చేయు భారమే ఈ విషయమునకు కీలకమని నాకు తోచుచున్నది. వకీలు పెట్టుకొనగలవాడు కారణము తృప్తికరముగ చెప్పగలడు. నోరులేనివాడు ఏమి చెప్పినను అది తృప్తికరముగ నుండదు. 2008లో నూర్ ఆగా వ్యాజ్యమున మన సర్వోన్నత న్యాయస్థానము, 1985వ శాసనములోని యీ భావనలు చెల్లునని యొప్పుకొనుచునే, ముందుగా మూలమైన సంగతులను ప్రాసిక్యూషనువారు ఋజువు చేయవలెననియు, వస్తువు ముద్దాయి స్వాధీనమున నుండెనని తేలిన పిమ్మటనే భారము వానిమీదికి మరలుననియు తీర్మానించెను. ఈ తీర్పు చదివినపుడు నాకు కొంత యూఱట కలిగెను.

అమెరికా దేశమువారు మఱియొక త్రోవ త్రొక్కిరి. అచ్చట పరికరమే నేరమునకు విషయము. 1986లో చేయబడిన వారి కేంద్రశాసనము ప్రకారము, నిషిద్ధద్రవ్యమును తయారుచేయుటకు గాని దేహములోనికి పుచ్చుకొనుటకు గాని ముఖ్యముగా నుద్దేశింపబడిన, లేక రచింపబడిన యే వస్తువైనను మత్తు పరికరము. ఆ వెంటనే పెద్ద పట్టిక నిచ్చిరి: నీటిగొట్టములు, తీగె యమర్చిన చుట్టకాగితములు, తుదకు ఒక ఘన సెంటీమీటరులో పదవవంతు మాత్రము పట్టు చిన్న చెంచాలు. పట్టిక యెంత పొడవైనను అతివ్యాప్తి తీఱదని వారికిని తెలియును. కావున నిర్ణయమునకు ఎనిమిది యంశములను చూడుమని వ్రాసిరి. వస్తువుతో నేమి సూచనలిచ్చిరి, ప్రకటనలలో నేమని చెప్పిరి, అంగడిలో నెట్లు ప్రదర్శించిరి, అమ్మువాడు పొగాకు వర్తకుని వంటి పెద్దమనిషియా, ఆ యూరిలో దానికి న్యాయమైన యుపయోగము కలదా, ఇట్టివి. అనాదిగా పొగాకునకు వాడు గొట్టములకును కాగితములకును మినహాయింపు నిచ్చిరి. శికాగో పట్టణమునకు చేరువనున్న హాఫ్‌మన్ ఎస్టేట్సు అను గ్రామమువారి కట్టుబాటును గూర్చి 1982లోను, అయొవా రాష్ట్రపు అంగడి యొకదానిని గూర్చి 1994లోను వారి సర్వోన్నత న్యాయస్థానము తీర్పులు చెప్పెను. ఈ రెండవ తీర్పు ప్రకారము వస్తువు జాతి, సాధారణముగ కొనువారు దానినెట్లు వాడుదురనుదానిని బట్టి నిర్ణయమగును. అయితే మత్తునకు వాడబడునని అమ్మువానికి ఎఱుక యుండెనని చూపనిదే వానికి శిక్ష లేదు.

ఈ కొలబద్దతో మా శిష్యుని తట్టను కొలిచి చూచితిని. సూచనల కాగితము లేదు. ప్రకటన లేదు. చిలుములు ప్రమిదల ప్రక్కన నుండెను. గంజాయి యాకు బొమ్మ ప్రక్కన లేదు. పొగాకు త్రాగు ముసలివారు మా యూర నింకను కలరు. వానికి ఎఱుక యున్నదా యనిన, కొందఱు గంజాయి త్రాగుదురని యెఱుగును. ఏ చిలుము ఎవనిదగునో యెఱుగడు. అమెరికాలో వాడు తప్పించుకొనునని నిశ్చయముగ చెప్పజాలను గాని, అచ్చటనైనను బూటుకాలితో విచారణ ముగియదు. మన శాసనము ప్రకారమో, వాని వద్ద గంజాయి లేదు. కావున నేరము లేదు. కావున పట్టుకొనదగిన పరికరమును లేదు. ఫలానావానికి గంజాయికే యని యెఱిగి, వానితో కూడి సమకూర్చి యిచ్చినచో ప్రోత్సాహమను నేరము క్రింద విచారింపవచ్చును. అది వేఱు మాట.

నేను గంజాయి పక్షమున మాటలాడుటలేదు. నాయొద్ద చదివిన బుద్ధిమంతులగు బాలురిద్దఱు దానిలో పడి చదువు చాలించిరి. వారి తల్లుల మొగములు చూచినవాడను. ఆ జవానును గూడ నేను తప్పుపట్టలేను. తిరునాళలో గంజాయి యెక్కడ చేతులు మాఱుచున్నదో తెలియక, కంటికి కనబడిన మట్టిని తన్నెను. అయితే పరికరమును వెంటాడుట యొక్కొకచోట కీడునే తెచ్చినది. అమెరికాలో పెక్కు రాష్ట్రములు సూదులను గూడ మత్తు పరికరములలో చేర్చగా, క్రొత్త సూది తన వద్ద నుంచుకొన వెఱచి ఒకరి సూదిని మఱొకరు పొడుచుకొనిరి; రోగము రక్తమున రక్తమునకు ప్రాకెను. మన దేశముననో, ఎయిడ్సు నివారణ సంస్థవారు అట్టి వ్యసనపరులకు శుభ్రమైన సూదులను తామే యిచ్చుచున్నారు. ఒకే వస్తువు అచ్చట సాక్ష్యము, ఇచ్చట ఔషధము.

మొన్నటి శ్రావణమున గండికి పోయితిని. శిష్యుడు వృద్ధుడై యింటనే యున్నాడు. కుమారుడు తట్ట పెట్టుకొని కూర్చుండెను. ముంతలు, హుండీలు, ప్రమిదలు కలవు. చిలుములు లేవా యని యడిగితిని. "నాయన వద్దన్నాడు అయ్యవారూ" అనెను. వాని తండ్రికి చెప్పవలసిన జవాబు ఇన్నాళ్లకు నాయొద్ద నున్నదని చెప్పి, నాలుగు ప్రమిదలు కొనుక్కొని, వారి యింటి త్రోవ పట్టితిని.