27 బస్సులతో మొదలైన మన ఆర్టీసీ

(ఉద్యోగులు, విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున లేస్తే ఎక్కే బస్సుకు చరిత్ర ఏముంటదని అనుకోవచ్చు. ఉన్నది. అది మన చరిత్ర. 1956 తర్వాతనే ఈ గడ్డ మీదికి బస్సు వచ్చినట్టు మనకు ఏండ్లకేండ్లు చెప్పిండ్రు. నిజమేందో చూద్దాం.

1930లో హైదరాబాద్ రాజ్యం తన రైల్వేను బ్రిటిష్ కంపెనీ చేతుల్లోంచి కొనుక్కున్నది. రెండేండ్లకు, 1932 జూన్‌లో, ఆ రైల్వే కిందనే రోడ్డు రవాణా శాఖ మొదలైంది. 27 బస్సులు, 166 మంది సిబ్బంది. రైలూ బస్సూ ఒకదానికొకటి పోటీ కావద్దు, తోడు కావాలన్నది అందులోని ఆలోచన. దేశంలో ఎక్కడ చూసినా ప్రైవేటు బస్సులదే నడిచే కాలంలో, సర్కారే బస్సులు నడిపిన తొలి తావుల్లో మనది ఒకటి.

ఈ మాట అంటే నిజామును పొగుడుతున్నారని కొందరు అంటరు. కాదు. వెట్టి చేసింది మన తాతలే, దొరల మీద తిరగబడ్డదీ మన తాతలే. అది మరువం. కానీ ఆ బస్సులు నడిచింది ప్రజల పైసలతో, కార్మికుల చెమటతో. రాజు పోయిండు, బస్సు మిగిలింది.

1951 నవంబర్ 1న ఆ శాఖ హైదరాబాద్ రాష్ట్ర ప్రభుత్వం కిందికి వచ్చింది. 1956లో రాష్ట్రాలను కలిపిండ్రు. 1958 జనవరి 11న ఏపీఎస్‌ఆర్టీసీ ఏర్పడ్డది. అప్పటికి ఆంధ్రలో బస్సులు చాలావరకు ప్రైవేటు యజమానులవే. కార్పొరేషన్‌కు పునాది మన రవాణా శాఖే. అయినా పాఠ్యపుస్తకాల్లో ఆ 27 బస్సుల ముచ్చట మన పిల్లలకు ఎన్నడూ దొరకలేదు. ఆ కాలానికి సాక్షిగా నిలిచిన గౌలిగూడ బస్టాండు రేకుల షెడ్డు కూడా 2018లో కూలిపోయింది.

2011 సకల జనుల సమ్మెలో ఆర్టీసీ కార్మికులు బస్సులు డిపోల్లో పెట్టి రోడ్డెక్కిండ్రు. జీతం పోతదని తెలిసీ దిగిండ్రు. 2014లో రాష్ట్రం వచ్చింది, 2016లో మన కార్పొరేషన్ మనకు వచ్చింది. అదే కార్మికులు 2019లో సొంత రాష్ట్రంలో 52 రోజులు సమ్మె చేయాల్సి వచ్చింది. సుమారు 48 వేల మంది. కొందరు ప్రాణాలే తీసుకున్నరు. తెచ్చుకున్న రాష్ట్రంలో ఇది జరగాల్సిందేనా? ఈ ప్రశ్న ఏ పార్టీ గద్దె మీదున్నా అడగాల్సిందే.

కార్మికులను ప్రభుత్వంలో కలిపే బిల్లును 2023 ఆగస్టులో శాసనసభ ఆమోదించింది. అదే ఏడాది డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం మొదలైంది. కూలికి పోయే అక్క, కాలేజీకి పోయే చెల్లె చేతిపైసలు మిగులుతున్నయంటే మంచిదే. ఆ భారం డ్రైవరు, కండక్టరు నెత్తిన పడకుండా సర్కారు తన వాటా కట్టాలె, బస్సులు పెంచాలె.

నష్టం వస్తుందని రూటు ఎత్తేస్తమనే మాట మళ్లీ మళ్లీ వినబడుతది. రోడ్డుకూ బడికీ లాభనష్టాలు చూస్తమా? బస్సూ అంతే. మీ ఊరి బస్సు ఆగితే ఊరంతా కలిసి డిపో మేనేజరును అడగండి. ఉద్యోగులు కార్మికుల పక్కన నిలబడండి. విద్యార్థులు మీ డిపో ఎప్పుడు పుట్టిందో పెద్దలనడిగి రాసిపెట్టండి. మన చరిత్ర మనం రాసుకోకపోతే, మన ఆస్తిని ఎవరో లెక్కగట్టి అమ్ముకుంటరు.

జై తెలంగాణ!