జ్వరం తగ్గిందని మాత్ర ఆపేయొద్దు

(ఆగస్టు 9, ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా మన సంఘం యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇప్పుడే మన పిల్లలు కొమ్ము నృత్యం చేశారు. ఆ డోలు మోత ఇంకా చెవుల్లోనే ఉంది. ఇంత సందడి తర్వాత నేను చెప్పబోయేది కాస్త బరువైన సంగతి. సంఘం వాళ్లు నన్ను చదువు, ఉద్యోగం గురించి మాట్లాడమన్నారు. నేను ఆశ్రమ పాఠశాలలో టీచర్‌ని అయ్యానని మీ అందరికీ తెలుసు. ఆ ఉద్యోగానికి ముందు రెండేళ్లు నేను ఎలా ఉన్నానో మా ఇంట్లో వాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. ఈరోజు అదే చెబుతాను.

మన ఏజెన్సీలో మలేరియా తెలియని ఇల్లు లేదు. మూడో రోజుకు జ్వరం తగ్గుతుంది. మనం మాత్రలు చూరులో దోపేసి పనికి పోతాం. కొన్నాళ్లకు మళ్లీ చలి, మళ్లీ జ్వరం. ఎందుకు? వైవాక్స్ రకం మలేరియాలో క్రిములు కాలేయంలో దాక్కుంటాయి. వాటి కోసమే 14 రోజుల మాత్రలు ఇస్తారు. అందుకే ఆశా అక్క ఇంటికొచ్చి, ఎదురుగా నిలబడి మింగిస్తుంది. జ్వరం తగ్గడం వేరు, జబ్బు నయం కావడం వేరు. ఈ సంగతి చిన్నప్పటి నుంచి తెలిసిన నేనే, మనసు జబ్బు విషయంలో అదే తప్పు చేశాను.

నాకప్పుడు 23 ఏళ్లు. హైదరాబాద్‌లో గది తీసుకుని కోచింగ్‌కు వెళ్లేవాణ్ణి. మొదటిసారి పరీక్ష పోయింది. రెండోసారి పరీక్ష హాల్లో కూర్చోగానే గుండె దడదడ కొట్టుకుంది. చేతులు చెమటలు పట్టాయి, ఊపిరి ఆడలేదు. చచ్చిపోతున్నానే అనుకుని బయటికి వచ్చేశాను. ఆ తర్వాత నిద్ర పోయింది, ఆకలి పోయింది. ఫోన్ మోగితే భయం. ఊరికి వచ్చేశాను. అమ్మ ఏమైంది బిడ్డా అని అడిగితే చెప్పడానికి మాట దొరకలేదు. మన భాషలోనూ దొరకలేదు, తెలుగులోనూ దొరకలేదు. ‘ఒంట్లో బాగోలేదు’ అన్నాను.

అమ్మ నన్ను పూజారి దగ్గరికి తీసుకెళ్లింది. వేల్పులకు మొక్కించింది, కోడిని ఇచ్చింది. నేను దాన్ని తక్కువ చేసి మాట్లాడను. ఆ రోజు ఊరంతా నా కోసం కూర్చుంది. అది నాకు బలమే. పని చెడగొట్టింది మొక్కు కాదు, మొక్కు తర్వాత ఆసుపత్రికి పోకుండా నాలుగు నెలలు ఇంట్లో పడుకోవడం.

చివరికి ఆశా అక్క పట్టుబట్టి పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది. డాక్టరు ముందు రక్త పరీక్ష రాశారు. రక్తం తక్కువైనా, థైరాయిడ్ తేడా చేసినా ఇలాంటి నీరసం, దిగులు రావచ్చట. అవి సరిగానే ఉన్నాయి. అప్పుడు చెప్పారు, ఇది డిప్రెషన్, దాంతోపాటు యాంగ్జైటీ, రెండింటికీ మందుంది అని. రోజుకొక మాత్ర. గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. మొదట్లో కడుపులో తిప్పడం, తలనొప్పి ఉండొచ్చు, కంగారు పడొద్దన్నారు. ఇంకో మాట అమ్మకు కూడా చెప్పారు. పాతికేళ్ల లోపు వాళ్లలో మందు మొదలుపెట్టిన తొలి వారాల్లో చచ్చిపోవాలన్న ఆలోచనలు కొందరికి పెరగవచ్చు, కనిపెట్టి ఉండండి, అలాంటిదేమైనా ఉంటే వెంటనే రండి అని.

పది రోజులు వాంతి వచ్చినట్టే ఉంది. మూడో వారంలో ఒక రాత్రి తెల్లారేదాకా నిద్రపోయాను. రెండో నెలకు అన్నం రుచి తెలిసింది. తునికాకు కోతకు కూడా వెళ్లాను.

అక్కడే తప్పు చేశాను. బాగయ్యాను కదా, ఇంక మాత్ర ఎందుకు అనుకున్నాను. దోస్తులు కూడా ‘అది అలవాటైపోతుందిరా, పిచ్చి మందురా’ అన్నారు. ఎవరికీ చెప్పకుండా ఒక్కసారిగా ఆపేశాను. రెండు మూడు రోజులకే తల తిరుగుడు, తలలో కరెంటు కొట్టినట్టు జిల్లుమనడం. అది తగ్గింది. నెల తిరిగేసరికి పాత దిగులు తిరిగి వచ్చింది, ముందుకన్నా బరువుగా. ఇక బతకడం ఎందుకు అనిపించింది. ఆ మాట చెల్లెలితో అన్నాను. అది ఏడవలేదు, తిట్టలేదు. రాత్రంతా నా పక్కనే కూర్చుని, పొద్దున్నే నన్ను బస్సెక్కించింది. ఈ రోజు నేను మీ ముందు నిలబడ్డానంటే ఆ బస్సే కారణం.

డాక్టరు తిట్టలేదు. ‘చాలామంది చేసే పనే చేశావు’ అన్నారు. అప్పుడు వివరంగా చెప్పారు. బాగైన తర్వాత కూడా కనీసం ఆరు నుంచి తొమ్మిది నెలలు మాత్ర వాడాలి. తిరగబెడితే ఇంకా ఎక్కువ కాలం. ఆపాలంటే డాక్టరే మోతాదు మెల్లమెల్లగా తగ్గిస్తారు. ఇది సారా లాగా ఇంకా ఇంకా కావాలనిపించే మందు కాదు. కొన్ని రకాల నిద్రమాత్రలు మాత్రం అలవాటవుతాయి, వాటిని డాక్టరు చెప్పిన రోజులే వేసుకోవాలి. ఈ తేడా తెలియకే మనం అన్నింటినీ ఒకే గాటన కడతాం.

ఈసారి మాత్రతోపాటు కౌన్సెలింగ్‌కు కూడా పంపారు. అంటే ఏదో నీతులు చెబుతారనుకున్నాను. అలా కాదు. ఒక నోట్‌బుక్ పెట్టమన్నారు. ‘పరీక్ష పోయింది, నేను దేనికీ పనికిరాను’ అని రాశాను. ‘పనికిరావు అనడానికి సాక్ష్యం ఏంటి? కాదనడానికి ఏముంది?’ అని అడిగారు. ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. ఊళ్లో పోడు పట్టాల అర్జీలన్నీ రాసింది నేనే. రాస్తుంటే నాకే సిగ్గేసింది. తర్వాత రోజుకొక చిన్న పని పెట్టారు, వాగు దాకా నడిచి రావడం లాంటివి. పరీక్ష హాలు భయానికి మెట్టు మెట్టుగా అలవాటు చేశారు. మొదట ఇంట్లో గడియారం పెట్టుకుని పాత పేపరు రాయడం, తర్వాత లైబ్రరీలో, తర్వాత పదిమంది మధ్య. మాత్ర నన్ను మంచం మీద నుంచి లేపింది. కౌన్సెలింగ్ మళ్లీ నడక నేర్పింది.

ఇప్పుడు మూడో ఏడు. ఈ పొద్దున కూడా మాత్ర వేసుకునే వచ్చాను. ఆపాలా వద్దా అన్నది నేనూ డాక్టరూ కలిసి తేల్చుకుంటాం, దోస్తులు కాదు.

మన ఊళ్లలో మందు తప్పకుండా వాడటం పట్నంలో అంత తేలిక కాదు. వాగు పొంగితే దారి ఉండదు. అందుకే వానలకు ముందే డాక్టరుకు చెప్పి ఒక నెల మందు ఎక్కువ తెచ్చుకుంటాను. తడవకుండా మూత డబ్బాలో పెడతాను. పళ్లు తోముకున్న తర్వాత వేసుకోవడం అలవాటు చేసుకున్నాను. ఒక పూట మరిచిపోతే మరుసటి రోజు రెండు వేసుకోను. పసరు తాగితే ఆ మాట డాక్టరుకు చెబుతాను. పండగైనా, పెళ్లైనా ఇప్పసారా, కల్లు ముట్టను. తాగితే ఆ పూట దిగులు తగ్గినట్టుంటుంది, తెల్లారి రెట్టింపవుతుంది.

ఆసుపత్రికి వెంటనే పోలేని వాళ్లు 14416 నంబరుకు ఫోన్ చేయండి. అది ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలీ మానస్. డబ్బులు అక్కర్లేదు, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు. సిగ్నల్ దొరికే గట్టు ఎక్కి అయినా చేయండి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ప్రభుత్వ వైద్యం పొందడం మన హక్కు. మన జబ్బు సంగతి గోప్యంగా ఉంచడం వాళ్ల బాధ్యత.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, హాస్టల్లో పక్క మంచం వాడు అన్నం మానేస్తే, మాట తగ్గిస్తే, ‘ధైర్యంగా ఉండరా’ అని వదిలేయకండి. పక్కన కూర్చుని అడగండి. బతకాలని లేదంటే ఒంటరిగా వదలకండి, వెంట తీసుకుని ఆసుపత్రికి వెళ్లండి. మాత్రలు వేసుకునే వాణ్ణి చూసి నవ్వకండి. ‘ఈరోజు వేసుకున్నావా?’ అని అడగండి చాలు. మా చెల్లెలు నన్ను ఇప్పటికీ రోజూ అడుగుతుంది.

జై ఆదివాసీ! జోహార్!