శవాల లెక్క వద్దు, ఒక మనిషి కథ చెప్పండి

(రాత్రిబడులు నడిపే కార్యకర్తల సమావేశంలో ఒక బడిపంతులు చేసిన ప్రసంగం)



నేను బడిపంతుల్ని. మా ఇంట్లో మొదట డిగ్రీ చదివింది నేనే. పెద్ద ఉపన్యాసకుణ్ణి కాను. తరగతి గదిలో జరిగిందే చెప్తాను.

ఒకరోజు ఐదో తరగతి పిల్లోడు లేచి, "సార్, మన దేశానికి హిట్లర్ లాంటోడు రావాల. అప్పుడే అందరూ దారికొస్తారు" అన్నాడు. వాడి తప్పు కాదు. అరుగుల మీద పెద్దోళ్లు అనే మాటే వాడూ అన్నాడు. గట్టిగా కొట్టే మాస్టర్ని 'హిట్లర్' అని మురిపెంగా పిలుచుకుంటాం. ఆ మనిషి సర్కారు 1933 నుంచి 1945 దాకా ఏం చేసిందో మన పిల్లలకి చెప్పినోళ్లు లేరు.

మర్నాడు నేను చెప్పాను. చెడ్డగా చెప్పాను. 60 లక్షల మంది యూదుల్ని చంపారన్నాను. అందులో సుమారు 15 లక్షల మంది పిల్లలన్నాను. శవాల గుట్టల ఫోటో చూపించాను. పిల్లలు నోరెత్తలేదు. అర్థమైందనుకున్నా. తెల్లారి ఒక తల్లి బడికొచ్చి, "అయ్యోరా, పిల్లకి ఏం చూపించారు? రాత్రంతా ఉలిక్కిపడతానే ఉంది" అంది. తలొంచుకున్నా. ఆ పిల్లకి చచ్చినోళ్ల మీద ప్రేమ పుట్టలేదు. భయమొక్కటే మిగిలింది.

అప్పుడు ఆలోచించాను. అంటరానితనం గురించి మన పిల్లలకి ఎట్లా చెప్తున్నాం? జనాభా లెక్కలతో మొదలుపెట్టం. ఇంటి నుంచి గోనెపట్టా తెచ్చుకుని తరగతిలో విడిగా కూర్చున్న భీమ్ అనే పిల్లోడితో మొదలుపెడతాం. పిల్ల మనసు ఒక మనిషిని పట్టుకుంటుంది, లక్షల్ని పట్టుకోలేదు. ఇక్కడా ఆ దారే పట్టాను.

యానుష్ కోర్చాక్ కథ తీసుకున్నాను. పోలండ్ దేశం, వార్సా నగరం. యూదు డాక్టరు, పిల్లల కోసం కథలు రాసేవాడు. 1912లో స్టెఫానియా విల్చిన్‌స్కా అనే ఆవిడతో కలిసి అనాథ పిల్లలకి ఇల్లు నడపటం మొదలుపెట్టాడు. ఆ ఇంట్లో పిల్లలే జడ్జీలుగా ఒక కోర్టు ఉండేది. తప్పుచేస్తే డాక్టరుగారైనా దాని ముందు నిలబడాల్సిందే. నిలబడ్డాడు కూడా. 1926లో పిల్లలే రాసే పత్రిక పెట్టించాడు. ఇది చెప్పగానే మా పిల్లలు, "మనమూ కోర్టు పెడదాం సార్" అన్నారు. నన్నే మొదట నిలబెట్టారనుకోండి!

చూడండి, ముందు బతుకు చెప్పాను. చావు తర్వాత.

1939లో జర్మన్లు పోలండ్‌ని ఆక్రమించారు. 1940లో వార్సాలో గోడ కట్టి 4 లక్షలకు పైగా యూదుల్ని లోపల మూసేశారు. ఆకలి, జ్వరాలు. ఆ గోడలోపల 1942 జూలై 18న కోర్చాక్ పిల్లలు నాటకం వేశారు. మన టాగూర్ రాసిన 'పోస్టాఫీసు'. జబ్బుపడి ఇల్లు కదలలేని పిల్లోడు, కిటికీలోంచి లోకాన్ని చూస్తా, రాజుగారి ఉత్తరం కోసం ఎదురుచూసే కథ. మూడు వారాలు తిరక్కుండానే, ఆగస్టు మొదటి వారంలో, సుమారు 200 మంది పిల్లల్ని రైలెక్కించి ట్రెబ్లింకాకి తీసుకుపోయారు. తప్పించుకునే దారి చూపిస్తామని స్నేహితులు అన్నా కోర్చాక్ ఒప్పుకోలేదు. స్టెఫానియా కూడా పిల్లలతోనే వెళ్లింది. ఎవరూ తిరిగి రాలేదు.

చిన్నపిల్లలకి "అక్కడ వాళ్లని చంపేశారు" అని ఒక్క మాట చెప్పి ఆగుతాను. "నిద్రపోయారు", "దేవుడి దగ్గరికి పోయారు" అని అబద్ధం చెప్పను. విషవాయువు సంగతి ఎనిమిదో తరగతి దాటాక. ఆరు, ఏడు తరగతులకి ఆనీ ఫ్రాంక్ కథ చెప్తాను. 1942 జూలై నుంచి 1944 ఆగస్టు దాకా ఆమ్‌స్టర్‌డామ్‌లో దాక్కున్న ఎనిమిది మందిలో తండ్రి ఒక్కడే బతికాడు. ఆ ఎనిమిది మందికి తిండి మోసినవాళ్లలో మీప్ గీస్ అనే ఆఫీసు ఉద్యోగిని ఉంది. పిల్ల డైరీని దాచిపెట్టింది కూడా ఆమే. మంచి చేసినోళ్లూ ఉన్నారని పిల్లలకి తెలియాల.

పెద్దపిల్లలకి ఇంకో సంగతి చెప్పండి. జర్మన్లు రాకముందే, 1937లో, పోలండ్ యూనివర్సిటీల్లో యూదు విద్యార్థులకి వేరే బెంచీలు పెట్టారు. చాలామంది వాటిమీద కూర్చోక నిలబడే పాఠం విన్నారు. ఇది విన్నాక మన పిల్లలు ఏమనుకుంటారో వాళ్లనే అనుకోనివ్వండి. "వాళ్ల బాధ పెద్దదా, మన బాధ పెద్దదా" అని తూకం మాత్రం వేయొద్దు.

ఆ కథ విని ఒక తాపీమేస్త్రి కొడుకు, "సార్, ఆ గోడకి డబ్బులెవరిచ్చారు?" అనడిగాడు. యూదుల దగ్గరే వసూలు చేశారని చెప్పాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. హిట్లర్ లాంటోడు రావాలన్న పిల్లోడు వాడే.

ట్రెబ్లింకాలో ఇప్పుడు వేల రాళ్లు పాతి ఉన్నాయి. కొన్నిటి మీద ఊళ్ల పేర్లు. మనిషి పేరున్న రాయి ఒక్కటే: యానుష్ కోర్చాక్, పిల్లలు.

వచ్చే ఆదివారం మీ రాత్రిబడిలో ఫోటోలు పక్కనబెట్టండి. ఆ ఒక్క పేరు పలకమీద రాసి మొదలుపెట్టండి. జై భీమ్!